రావయ్యపాలెం పాదసూచిక

ఇది రేపల్లె బండి కాదు, రేపెళ్ళే బండి అని మా తెనాలి వారపత్రికలో ఎప్పుడో నేనే రాశాను, అందరూ నవ్వారు, స్టేషను మాస్టరూ నవ్వాడు, ఇప్పుడు ఎనిమిదింపావు బండి ఎనిమిదిన్నరైనా కదలకుండా నన్ను చూసి అదే నవ్వు నవ్వుతోంది. నవ్వవే తల్లీ. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, సీతారామాంజనేయులు అని పేరు పెట్టుకుని ముగ్గురు దేవుళ్ళని ఒకే టిక్కెట్టు మీద తిప్పుతున్నవాణ్ణి, హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి, పదిహేనేళ్ళుగా వారానికోసారి 'గిలిగింతల గంట' కొడుతున్నవాణ్ణి, ఒళ్ళో ఒక పుస్తకం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని డిసెంబరు చలిలో చెమటలు తుడుచుకుంటున్నాను. పుస్తకం పేరు 'కాలవ గట్టున పేర్లు'. రాసినావిడ రాహేలు, రేపల్లెలో మిషను బడి టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిణ్ణి నేను ఎన్నడూ చూళ్ళేదు. చూడకూడదు కూడా. న్యాయనిర్ణేత అన్నవాడు పోటీలో ఉన్నవాళ్ళ గుమ్మం తొక్కరాదని బాపట్ల సంఘం వాళ్ళ కాయితంలో మూడో రూలు. తొక్కబోతున్నాను. ఇంకో గంటలో, ఈ బండి దయ తలిస్తే.

అసలు చరిత్ర పుస్తకాల బహుమతికి నన్ను న్యాయనిర్ణేతగా వెయ్యడం బహు మతి ఉన్నవాళ్ళు చేసే పనేనా? మన ప్రాంత చరిత్ర మీద ఏటా వచ్చిన పుస్తకాల్లో మంచిదాన్ని ఎంచి, బాపట్లలో సభ పెట్టి, శాలువా కప్పి పురస్కారం ఇస్తారు. పురస్కారానికీ తిరస్కారానికీ మధ్య ఉండేది ఒక్క నమస్కారమే అని నేను ఆ సభలోనే ఒకసారి జోకేశాను. కిందటేడు దాకా ఉన్న న్యాయనిర్ణేత మంచాన పడితే, ఆ జోకు గుర్తుపెట్టుకున్న ఎవరో నా పేరు చెప్పారు. శాలువాదేముంది, చలికాలం పోతే బీరువాలోకి పోతుంది, కానీ గెలిచిన పుస్తకాన్ని సంఘం వాళ్ళు తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఉన్న ప్రతి ఊరి గ్రంథాలయానికీ పంపుతారు. ఊరూరా. రావయ్యపాలేనికి కూడా, మొన్ననే అక్కడ చర్చి పక్క గదిలో నాలుగు బెంచీలేసి గ్రంథాలయం పెట్టారుట. ఆ ఊరి పిల్లలు వాళ్ళ ఊరి పేరు అచ్చులో చూసుకుంటారు. చూసుకోవాలా వద్దా అన్నది ఇవాళ సాయంత్రం నాలుగింటికి బాపట్ల మీటింగులో నా నోరు తేలుస్తుంది. నా నోరు! వంకాయ బేరంలో కూడా ఎవరూ నమ్మని నోరు.

కుదుపు. కదిలింది. కదిలిందో, పక్క బండి కదిలితే మాది కదిలినట్టు అనిపిస్తోందో, కాదు, పక్కన బండే లేదు, మాదే. నిన్న సాయంత్రం బాపట్లలో వెంకటరాఘవయ్యగారి వరండా. ఆయన సంఘానికి అధ్యక్షులు, రిటైరైన హెడ్మాస్టరు, నవ్వితే క్వార్టర్లీ పరీక్షలు వాయిదా పడతాయన్నంత భయంతో బతికిన మనిషి. పక్కన మూడో న్యాయనిర్ణేత భాస్కరరావు, కాలేజీ లెక్చరరు, చివర మాట్లాడినవాళ్ళ మాటే తన మాట అనే సుఖజీవి. పెద్దాయన పుస్తకం తెరిచి వేలితో ఒక పుట అడుగున కొట్టారు. "పుస్తకం బాగుందయ్యా ఆంజనేయులూ, కష్టపడింది ఆవిడ. ఈ నలభై ఏడో పుట పాదసూచిక చూశావా?" చూశానండి అన్నాను. పాదసూచిక అంటే పాదాలు పట్టుకునే చోటు కదండీ అనబోయి మింగాను. ఎందుకంటే అది నా పాదాలే పట్టుకుంది. 'రావయ్యపాలెం అనే పేరు రావయ్య అనే మనిషి వల్ల రాలేదు, కాలవ గట్టున నిలబడి ఆడవాళ్ళు పడవని రావయ్యా రావయ్యా అని పిలవడం వల్ల వచ్చింది' అని పైన ఉంది. కింద చిన్న అక్షరాల్లో, 'ఆధారం: శ్రీ సీతారామాంజనేయులు గారి వ్యాసం, తెనాలి, 1979' అని ఉంది.

వ్యాసం! అది వ్యాసం కాదు మహాప్రభో, ఆయాసం. పత్రికవాళ్ళు కాలమ్ ఏదీ అని కుర్రాణ్ణి గుమ్మంలో నిలబెడితే, రెండు గుక్కల టీకి ఒక వాక్యం చొప్పున పది నిమిషాల్లో రాసి పారేసిన ఊళ్ళపేర్ల జోకులు. దుగ్గిరాల మీద ఒకటి, పసుపు కొమ్ములు కొనడానికెళ్ళి ముక్కు పట్టుకున్నవాడు 'దగ్గి రాలా' అన్నాడని. చీరాల మీద ఒకటి. అమృతలూరు మీద ఒకటి, అది తెచ్చిన పేచీ ఇప్పటికీ ఉంది. వాటి మధ్యలో రావయ్యపాలెం. 'పిలిచారు, పిలిచారు, గొంతులు పోయాయి. పడవ రాలేదు, ఊరొచ్చింది.' అంతే. నా జన్మకి అదొక్కటే మంచి వాక్యం అని నాకు లోపల ఒక నమ్మకం. పెళ్ళిళ్ళలో చెప్పాను, సన్మానాల్లో చెప్పాను, మా ఆవిడ రాజరాజేశ్వరి "మళ్ళీ ఆ పడవేనా, దానికి చిల్లు పడదా ఎప్పటికీ" అనేదాకా చెప్పాను.

వెంకటరాఘవయ్యగారు కళ్ళజోడు తీశారు. "ఆరో రూలు తెలుసుగా. ప్రతి మాటకీ అచ్చయిన ఆధారం ఉండాలి. ముసలమ్మలు చెప్పారు, అరుగు మీద అనుకున్నారు అంటే కుదరదు. ఆవిడ నిన్ను చూపించింది. నువ్వు దేన్ని చూసి రాశావో రేపు మీటింగుకి పట్రా. లేదంటే ఆ ప్రకరణం కొట్టెయ్యాలి. అది కొట్టేస్తే పుస్తకానికి నడుం విరిగినట్టే." విరిగితే ఇంకో పుస్తకం నెగ్గుతుంది, దివాణం వాళ్ళ మీద దివాణం వాళ్ళే అచ్చేయించిన మూడొందల పేజీలు, అందులో పొగడ్త తక్కువ పొగ ఎక్కువ, అందులో రావయ్య అనే గుమాస్తాగారు దివాణం ఆజ్ఞ మేరకు దయతో పాలెం కట్టించి ఇచ్చారని బొమ్మతో సహా ఉంది. ఆ బొమ్మలో రావయ్యగారికి మీసాలు కూడా ఉన్నాయి. అచ్చయిన మీసాలు. ఆధారం!

కాబట్టి నాకు రెండే దారులు, రెండూ బురదే. జోకండీ అని ఒప్పుకుంటే రాహేలుగారి పుస్తకం మునుగుతుంది. ఏదో పాత పుస్తకంలో చూశానండీ, పేరు మర్చిపోయానండీ అని బొంకితే పుస్తకం తేలుతుంది, కానీ నా జోకు చరిత్రై కూర్చుంటుంది, రేపు ఆ పాలెం పిల్లలు పరీక్షలో రాస్తారు, నా వెకిలితనానికి మార్కులు పడతాయి. రాత్రంతా ఆలోచిస్తే తెల్లారేసరికి మిగిలింది ఒక్కటే, ఆవిడ మొహం చూసి చెప్పడం. అమ్మా, నువ్వు నిలబడింది రాయి మీద కాదు, నా అరటి తొక్క మీద.

"సార్, మీరు గిలిగింతల గంట సార్ కదండీ?" ఎదురు సీటు. చిన్నరావూరు ఎప్పుడు దాటిందో. రెండు పెద్ద మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాయన నవ్వుతున్నాడు. పేరు ఏసుబాబుట, చీరాల నుంచి చీరలు తెచ్చి రేపల్లె చుట్టూ ఊళ్ళల్లో అమ్ముతాట్ట. "మా ఇంటిది మీ కాలమ్ చదివి వినిపిస్తదండి. 'చీరాల చీర, చిరగాల అంటే చిరగదు' అని రాశారు చూడండి, అదే చెప్పి అమ్ముతున్నానండి నాలుగేళ్ళ నుంచీ." పక్కనున్నాయన అందుకున్నాడు, "అందుకేనేంటయ్యా మా ఆవిడ చీర మూడో ఉతుక్కే చిరిగింది? సార్ మాట నమ్మి కొన్నది!" పెట్టె అంతా గొల్లుమంది. ఏసుబాబు మూట మీద చెయ్యేసి, "చీర నాది బాబాయ్, ఉతుకు మీదీ" అన్నాడు. మళ్ళీ నవ్వులు. "ఒకటి చెప్పండి సార్, రేపల్లె దాకా నవ్వుకుంటా పోతాం." నోరు తెరిచాను. మూసి, ఒళ్ళో పుస్తకం సర్దుకున్నాను. ఏసుబాబు జాలిగా చూసి, "గంట ఇవాళ మోగట్లేదేంటండీ, నాలిక ఊడిందా?" అన్నాడు. అది నేననాల్సిన మాట. నా దుకాణంలో నా సరుకే నాకు అమ్ముతున్నాడు. నాలుగేళ్ళుగా నా జోకుని నమ్మి వ్యాపారం చేస్తున్నాడు ఈ మనిషి, ఆవిడ నమ్మి పుస్తకం రాసింది, చూశావా, నేను ఊరికే ఊదిన బుడగల మీద జనం కాళ్ళు పెట్టి నడుస్తున్నారు.

జంపని. కుప్పలేసిన వరి, కోసిన మళ్ళల్లో మంచు, కొంగలు. కాలవ పట్టాల పక్కకొచ్చి, కాసేపు తోడు నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు అటు తిరిగిపోయింది. ఇప్పుడు కాలవల్లో పడవలెక్కడివి, బస్సులొచ్చాయి, లారీలొచ్చాయి, నా చిన్నప్పుడు ధాన్యం పడవలు వరసకట్టి లాకు తలుపులు తెరిచేదాకా ఆగేవి, నాన్నకి లాకుల దగ్గర ఉద్యోగం, నాకు ఎనిమిదేళ్ళొచ్చేదాకా లాకు పక్క క్వార్టర్సులోనే ఉన్నాం, నీళ్ళు పైకి లేస్తుంటే పడవ దానంతటదే లేచేది, నేనూ లాకు తలుపు దూలం మీద కూర్చుని దాంతోపాటే లేస్తున్నాననుకునేవాణ్ణి, మేడెక్కినట్టు. లాకు అంటే లాక్కుపోయేది అనుకునేవాణ్ణి. అప్పటికే పన్‌లు! పుట్టుకతో వచ్చిన జబ్బు.

వేమూరు. ఆగింది. దిగేవాళ్ళు దిగారు, బుట్టలెక్కాయి, పాలక్యాన్లెక్కాయి, గార్డు ఈల వేశాడు, బండి మెల్లిగా జరుగుతోంది, అప్పుడు గేటు వైపు నుంచి పంచె ఎగ్గట్టుకుని ఒక పెద్దాయన పరుగు, చేతిలో గొడుగు, చంకలో సంచీ. తలుపు దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు చేతులు చాచి అరుస్తున్నారు, "రావయ్యా! రావయ్యోవ్! రా, రా, ఆ పిడి పట్టుకో, రావయ్యా!"

ఆ గొంతు.

ఆ 'యోవ్' చివర గొంతు పైకి లేచి, నీళ్ళ మీద రాయిలాగా రెండు గంతులేసి అవతలి గట్టు తాకేది. ఈ ఆడవాళ్ళది కాదు. దూలం మీద కూర్చున్న నాకు అలా పిలిచి చూపించిన గొంతు. ఎవరిది? పెద్దాయన ఎక్కేశాడు, ఆడవాళ్ళు ఆయన్ని తిడుతున్నారు, "ఇంట్లో ఏం ఎలగబెడతన్నా ఇప్పటిదాకా?" ఆయన రొప్పుతూ నవ్వుతున్నాడు, నాకేమీ వినపడ్డం లేదు, చీపురు చప్పుడు వినపడుతోంది. కొబ్బరీనెల చీపురు, లాకు గట్టు మీద, సర్, సర్, సర్. వరమ్మ.

వరమ్మ! ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే. లాకులూ క్వార్టర్సు వాకిళ్ళూ ఊడ్చే వరమ్మ, అప్పటికే జుట్టు ముగ్గుబుట్ట, ముదురుపచ్చ కోక, మెడలో నల్లతాటికి చిన్న సిలువ. మా ఇంట్లోకి రాదు, రానిచ్చేవాళ్ళు కాదు, అమ్మ గుమ్మంలోంచే పైనుంచి గిన్నెలో పోసేది, వరమ్మ గట్టు మీద కూర్చుని తినేది. నేను ఆవిడకి నాలుగడుగుల దూరంలో దూలం మీద. దగ్గరికి పోతే వీపు చిట్లేది, నాలుగడుగులకి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ నాలుగడుగుల మీదుగానే కథలు వచ్చేవి నాకు. "మీ ఊరేంటి వరమ్మా?" "రావయ్యపాలెం అబ్బాయిగారూ." "రావయ్య ఎవరు?" అప్పుడు నవ్వింది చూడు, నోట్లో నాలుగు పళ్ళు, నాలుగూ నవ్వాయి. "ఎవురూ లేరు. రమ్మంటే రానోడే రావయ్య."

ఆగు, ఆగు మనసా, పరిగెత్తకు, జారతావు. తరవాతేం చెప్పింది? వాళ్ళమ్మకి నెప్పులొచ్చాయి, పొద్దున్నే, ఇటు గట్టున, పొలంలో. మంత్రసాని అవతల. పడవ అవతలి పెద్ద ఊరిది, వీళ్ళ రేవుకి రాదు, వీళ్ళని ఎక్కించుకోరు. అయినా పిలిచారు, చుట్టూ గుడిసెల ఆడవాళ్ళంతా వరసగా నిలబడి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, రావయ్యోవ్, రావయ్యోవ్. పడవవాడు చూశాడు, చూసి తెడ్డు వేసుకుని పోయాడు. నేనడిగాను, నాకు బాగా గుర్తు, దూలం అంచు గోటితో గీకుతూ అడిగాను, "వచ్చాడా?" వరమ్మ గిన్నె కడుక్కుని, నీళ్ళు కాలవలోకి విసిరి అంది. "పడవ రాలా అబ్బాయిగారూ. ఊరొచ్చింది."

అమ్మ వరమ్మో!

నాది కాదు. నా జన్మకి అదొక్కటే మంచి వాక్యం, అదీ నాది కాదు. పదేళ్ళుగా పెళ్ళి పందిళ్ళల్లో పంచిన పడవ, రాజరాజేశ్వరి చిల్లు పడదా అన్న పడవ, వరమ్మది. సిగ్గుతో ఒళ్ళు మండాలి కదా, మండట్లేదు, ఏంటో ఈ హాయి, దొంగకి సొత్తు సొంతదారు దొరికితే ఇలాగుంటుందా? జోకు కాదు! నేను పుట్టించలేదు! నేను ఎత్తుకొచ్చిందే, అందుకే నిజం! పెట్టంతా వినపడేలా అరవాలనిపిస్తోంది, ఏసుబాబూ నేను దొంగనయ్యా అని. ఇంకా ఉంది, కథ ఇంకా ఉంది, నేను తోక కోసేశాను, ఊరెట్లా వచ్చింది? బిడ్డ గట్టు మీదే పుట్టాడు, వరమ్మ అన్న, తల్లీ బతికింది. మర్నాడు మగాళ్ళు తాడిచెట్టు కొట్టి, మొద్దు తొలిచి, దోనె చేశారు. తాటి దోనె. పొలాల్లో చెల్లాచెదురుగా ఉన్న గుడిసెలన్నీ దోనె ఉన్న చోటికి జరిగాయి. అది ఊరు. "మరి అవతలివాళ్ళు పిలిస్తే మీ దోనె వెళ్ళేదా?" అని అడిగాను నేను, ఎనిమిదేళ్ళ వెధవని. వరమ్మ చీపురు తీసుకుని లేచింది. "పిలిస్తే ఎల్లొద్దూ?" అంది.

నేను నవ్వు మాత్రం తెచ్చుకుని దోనెని లాకుల దగ్గరే వదిలేశాను.

భట్టిప్రోలు పోయింది, పల్లికోన పోయింది, కళ్ళు తుడుచుకుంటుంటే ఏసుబాబు ఏమీ అడగలేదు, ఒక్క మాట మాత్రం అన్నాడు, "కిటికీ మూసుకోండి సార్, ఇంజను నుసి." డీజిలింజనుకి నుసేంటి నాయనా. మంచివాడివి. చెప్తాను, నీ చీరల మీద ఇంకో జోకు, ఈసారి నమ్మదగింది.

రేపల్లె. దిగాను. స్టేషన్ రోడ్డులో చర్చి వెనక సందు అడిగితే సైకిలు షాపాయన చూపించాడు. సన్నజాజి పందిరి, నీలం తలుపు. తలుపు తీసినావిడ పొట్టిగా, బక్కగా, ఆరడుగుల బ్లాకుబోర్డుని నలభై ఏళ్ళు మునివేళ్ళ మీద నిలబడి జయించిన మనిషిలా ఉన్నారు. పేరు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మీరు రాకూడదు కదండీ, మూడో రూలు" అన్నారు. రాకూడదండీ అన్నాను. "అయితే లోపలికి రండి, బయట నిలబడితే నలుగురూ చూస్తారు." కూర్చోకుండానే కక్కేశాను, వ్యాసం కాదండీ, జోకనుకుని రాశానండీ, నేను అప్పట్లో ఏ పుస్తకమూ చూడలేదండీ. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టి, "తెలుసండి" అన్నారు.

తెలుసా!

"తెలీకపోవడమేంటి సార్? ఊరంతా చెప్పుకునేదే. నలభై మంది చెప్పింది నోటుబుక్కుల్లో రాసి పెట్టా. కానీ ఆరో రూలు అచ్చు కావాలంది. మావాళ్ళ నోట్లో ఉన్నంతకాలం అది ఆధారం కాదు. మీ నోట్లో పడి అచ్చయ్యింది, ఆధారమైపోయింది. వెతికి వెతికి మిమ్మల్ని పట్టుకున్నా." అక్కడ నేను కూర్చున్నాను, కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా, ఉంది. ఆరువందల సభల్లో మాట్లాడిన నోటికి ఒక రిటైర్డ్ టీచరు ఒక్క వాక్యంతో తాళం వేసింది. గ్లాసు కింద పెట్టి అన్నాను, "నేనూ విన్నదేనండీ. మర్చిపోయాను. ఇందాక వేమూరులో గుర్తొచ్చింది. లాకుల దగ్గర వరమ్మ చెప్పింది, వాళ్ళమ్మ పురుడూ, తాటి దోనే..."

"ఏమన్నారు?" ఆవిడ లేచి నిలబడ్డారు. "దోనె మీ కాలమ్‌లో లేదు. నా పుస్తకంలోనూ లేదు, అచ్చు ఆధారం లేదని నేనే తీసేశా. నా నోటుబుక్కుల్లో తప్ప ఎక్కడా లేదు. మీకెట్లా తెలుసు?" ఆ కళ్ళల్లో వెలుగు చూడాలి, శాలువాలు వంద కప్పినా రాదు ఎవరి కళ్ళల్లోకీ. బీరువా తీసి నోటుబుక్కు, పెన్ను, "ఏ సంవత్సరం? ఎంత వయసుంటుంది ఆమెకి? చెప్పిన మాట చెప్పినట్టు చెప్పండి, మీ సొంతం కలపొద్దు." కలపలేదు. జీవితంలో మొదటిసారి అరగంట పాటు ఒక్క శ్లేష లేకుండా మాట్లాడాను. నాలుగడుగుల దూరం కూడా చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం పెన్ను ఆపి, మళ్ళీ రాశారు.

రాయడం అయ్యాక ఇద్దరం పుస్తకం వైపు చూశాం. అచ్చైపోయింది, కుట్టేశారు, ఇప్పుడేం చేస్తాం? నాకే తట్టింది, పండితుడి బుర్ర కదా, తప్పులు దిద్ది దిద్ది అరిగింది. "తప్పొప్పుల పట్టిక వెయ్యలేదండీ మీరు?" "తప్పులు లేవు సార్, మూడుసార్లు ప్రూఫ్ చూశా" అన్నారు, కాస్త కోపంగా. "ఒకటుందండి. నేను." బస్టాండు పక్కన కాలితో తొక్కే ప్రెస్సుందిట, ఆశీర్వాదంగారిది, గంటలో చీటీలు కొట్టిస్తాడుట, మైదా జిగురుతో నలభై ఏడో పుటకి అంటించి, పదకొండున్నర బస్సుకి చెరుకుపల్లి మీదుగా బాపట్ల పట్టుకెళ్ళి వెంకటరాఘవయ్యగారి ముందు పెడతాను. ఆరో రూలు అచ్చవ్వాలంది, ఎప్పుడచ్చవ్వాలో అనలేదు! ఒప్పుకోకపోతే నేను అక్కడే నిలబడి సాక్ష్యం చెప్తాను, నా గొంతు తెలుసుగా, మైకు లేకుండా సూర్యలంక దాకా వినపడుతుంది. భాస్కరరావు ఎటూ చివర మాట్లాడినవాళ్ళ వైపే, చివర నేనే మాట్లాడతాను. ఆవిడ మొదటిసారి నవ్వారు. "మూడో రూలు కూడా చెప్పేస్తారా?" చెప్పేస్తానండి, ఈ ఇంటికొచ్చినట్టూ, మంచినీళ్ళు తాగినట్టూ, అంతా.

కాయితం మీద గీతలు గీశాను. పుట 47, పాదసూచిక. ఎడమ గడిలో, తప్పు అన్న మాట కింద, అచ్చులో ఉన్నదాన్ని ఉన్నట్టే దించాను: 'ఆధారం: శ్రీ సీతారామాంజనేయులు గారి వ్యాసం, తెనాలి, 1979.' కుడి గడిలో, ఒప్పు కింద, గుండ్రంగా రాశాను: 'ఆధారం: రావయ్యపాలెం వరమ్మ చెప్పిన మాట, 1948.' బాగుంది కదా అని కాయితం ఆవిడ వైపు తిప్పాను.

రాహేలు టీచరు కళ్ళజోడు పెట్టుకుని ఎడమ గడి చదివారు, కుడి గడి చదివారు, మళ్ళీ ఎడమ గడి చదివారు. పెన్ను నా చేతికే ఇచ్చారు, క్లాసులో తప్పు చేసిన పిల్లాడికి సుద్దముక్క ఇచ్చినట్టు.

"గారు రాయండి సార్."

గడి ఇరుకు. 'వరమ్మ'కీ 'చెప్పిన'కీ మధ్య జాగా లేదు. పైన చిన్న గుర్తు పెట్టి, రెండక్షరాలూ అందులో దింపాను.